కోలుకున్నారు అన్న గడి

గురువారం. ఉదయం పదకొండు కావడానికి పది నిమిషాలుంది. మా ఆఫీసు గోడకు బిగించిన పెద్ద టీవీ మీద పచ్చ కడ్డీ ఒకటి నిలువునా లేచి నిలబడింది. అందరం చప్పట్లు కొట్టాం. ఆ చప్పట్లు ఆగకముందే కౌంటర్ మీద ఫోన్ మోగింది. దాన్ని ఎత్తేలోగా రెండోది మోగింది. ఇక ఆ రోజంతా అవి మోగుతూనే ఉన్నాయి.

కంప్యూటర్ల పనిలో ఉన్న పిల్లలు చదువుతారని ఇది రాస్తున్నాను. మీ పని గురించి నాకు తెలిసింది తక్కువ. ఆ తక్కువలో కూడా కొంత తప్పుండవచ్చు. కానీ ఆ రోజు నేను ఆ హాల్లో ఉన్నాను. ఉన్నవాడు చెప్పకపోతే లేనివాడు చెబుతాడు. అది ఇంకా చెడ్డది.

మాది సికింద్రాబాదులో, రెజిమెంటల్ బజార్ సందులో, రోగుల ఇళ్ళకు సామాను అద్దెకిచ్చే కంపెనీ. ఆక్సిజన్ మిషన్లు, తల వైపు లేపే మంచాలు, చక్రాల కుర్చీలు. ఇంట్లో ఎవరికైనా ఊపిరి అందకపోతే డాక్టరు చీటీ రాస్తాడు, వాళ్ళు మాకు ఫోన్ చేస్తారు. మేం మిషన్ తీసుకెళ్ళి, ముక్కుకు గొట్టం తగిలించి, ఎట్లా వాడాలో చూపించి వస్తాం. అవసరం తీరాక వాళ్ళే పిలుస్తారు, వెళ్ళి తెచ్చుకుంటాం. నేను మిషన్లు మోసేవాడిగా చేరాను. రిటైరయ్యేనాటికి మిషన్లు పెట్టే మెకానిక్‌లందరికీ పెద్దను.

మోసేవాడికి చదువుతో పని లేదు. పెద్దను చేస్తామన్నప్పుడు వచ్చింది తంటా. కార్డులు నింపాలి కదా. అప్పటికి నా మీసాలు నెరవడం మొదలైంది, నాకు అ ఆలు రావు. కౌంటర్లో ఫోన్లు ఎత్తే ఆమె నాకు నేర్పింది. ఆఫీసులో అందరూ ఆమెను అక్కా అంటారు, నాకంటే చిన్నది కాబట్టి నేను చెల్లె అంటాను. మధ్యాహ్నం టీ తాగే వేళ పాత కార్డుల వెనక వైపు రాయించేది. సిగ్గుపడితే తిట్టేది.

"ఏందన్నా, ముప్పై కిలోల మిషన్ మోస్తవు గని ఇంత పెన్సిల్ మొయ్యరాదా?" అనేది.

పలకా లేదు, పెద్దబాలశిక్షా లేదు. నా వాచకం మా వాపసు కార్డే. మిషన్ వెనక్కి తెచ్చేటప్పుడు ఆ ఇంటివాళ్ళ చేత సంతకం పెట్టించే కార్డు అది. ఎందుకు వాపసు ఇస్తున్నారో చెప్పడానికి దాని మీద నాలుగు గడులు అచ్చేసి ఉండేవి: కోలుకున్నారు, మరణించారు, ఆసుపత్రిలో చేర్చారు, ఇతరం. నేను సొంతంగా చదివిన మొదటి మాట 'ఇతరం'. మూడే అక్షరాలు కదా. 'మరణించారు'లో ణ నాకు ఎన్నాళ్ళకూ కుదరలేదు. చెల్లె దాన్ని మళ్ళీ మళ్ళీ రాయించింది. నేర్చుకోవడానికి రాశానే తప్ప, ఆ గడిలో టిక్కు మాత్రం ఎన్నడూ పెట్టలేదు. నేనే కాదు, మా కంపెనీలో ఎవరూ పెట్టలేదు.

దానికి కారణం చెప్పాలి. చెప్పకపోతే మిగతాదంతా మీకు పిచ్చివాళ్ళ కథలా ఉంటుంది.

మేం వాపసు తెచ్చే మిషన్లలో ఎక్కువ భాగం, మనిషి పోయిన ఇళ్ళ నుంచే తెస్తాం. చాలామంది ఆ దినాల్లోనే పిలుస్తారు. మంచం ఖాళీ అయింది, పక్కన మిషన్ ఉంది, దాన్ని చూస్తూ కూర్చోలేరు. అట్లాంటి ఇంటికి ఎట్లా వెళ్ళాలో నాకు పని నేర్పిన ఉస్తాద్ చెప్పాడు. చెప్పులు వీధి గుమ్మం అవతలే విప్పాలి. మంచినీళ్ళిచ్చినా తాగకూడదు. మిషన్ పాడయిందో లేదో అక్కడే ఆన్ చేసి చూడాలని కంపెనీ రూలు, కానీ ఆ ఇంట్లో ఆన్ చేయకూడదు. రోజూ రాత్రీ పగలూ విన్న చప్పుడు అది. వచ్చేటప్పుడు వస్తామని చెప్పకుండా తలొంచుకుని వచ్చేయాలి. ఇక కార్డు సంగతి.

"సంతకం తీస్కునేటప్పుడు కార్డు మీద ఏ గడి నింపి ఇస్తున్నవో చూస్కో బే," అన్నాడు ఉస్తాద్. "ఆ ఇంట్ల దీపం ఇంకా ఆరలే. తల్లి పోయినోని చేతికి ఆ మాట ఇచ్చి కింద సంతకం పెట్టుమంటవా?"

"మరి ఏ గడిల పెట్టాలె ఉస్తాద్?"

"పైదాంట్ల కొట్టు. మిషన్ అయితే వాపస్ వచ్చింది గద."

ఆసుపత్రి గడిలో పెడితే పక్కనే ఆసుపత్రి పేరు రాయాలి. ఇతరంలో పెడితే కారణం రాయాలి. పై గడికి పక్కన గీత లేదు. ఒక్క టిక్కు చాలు. కాబట్టి మా కార్డులన్నిటి మీదా అందరూ కోలుకున్నారు. చెల్లె వాటిని కంప్యూటర్లోకి ఎక్కించేది. ఆమెకు తెలుసు, మాకు తెలుసు. మా ఆఫీసులో ఆ మాట పైకి అనేవాళ్ళం కాదు. ఫలానా ఇంటి నుంచి మిషన్ వచ్చింది అంటే, చెల్లె 'అయ్యో' అనేది. అంతే.

అది తప్పని నేను ఇప్పటికీ అనను. కార్డు అట్టతో చేసింది. అట్టకు అబద్ధం చెప్పినా నొప్పి పుట్టదు. కానీ అట్ట మీద రాసింది అట్ట మీదే ఉంటుందని మేం అనుకున్నాం.

మా పెద్దసారు కాలం చేశాక కంపెనీ ఆయన అల్లుడి చేతికి వచ్చింది. కోస్తా వైపు వాళ్ళు, హైదరాబాదు వచ్చి స్థిరపడ్డ కుటుంబం. వెనకాల ఆయన్ని అందరం అల్లుడుసారు అనేవాళ్ళం. చెడ్డమనిషి కాదు. మనిషికి మర్యాద ఇస్తాడు, నన్ను పెద్దాయనా అని పిలిచేవాడు. కానీ ఒక్క రోగి ఇంటికీ వెళ్ళి ఎరగడు. ఆయన వచ్చాకే కస్టమర్ల వివరాలన్నీ ఒకే చోట పెట్టే సాఫ్ట్‌వేర్ తెచ్చారు. దాన్ని సీఆర్ఎం అనేవారు. ఎవరింట్లో ఏ మిషన్ ఉంది, ఎప్పుడు పెట్టాం, ఎవరు ఫోన్ చేశారు, అన్నీ అందులో. చెల్లె పాత కార్డులు కూడా అందులోకి ఎక్కించింది. దాని మీద ఆయనకు ఇంకో ఆశ పుట్టింది. అందులో ఉన్న లెక్కలను రంగురంగుల బొమ్మలుగా గోడ మీద చూడాలని. దానికి వేరే సాఫ్ట్‌వేర్ ఉంటుందట. ఆ రెంటినీ కలపడానికి ఒక అమ్మాయిని పెట్టారు.

పిల్ల నెమ్మదస్తురాలు. ఒక మూల కూర్చుని పని చేసుకునేది, అడిగితే విసుక్కోకుండా చెప్పేది. టీవీ బిగిస్తున్న రోజు మా వ్యాన్ డ్రైవరు వెళ్ళి, "దీంట్ల క్రికెట్ వస్తదా మేడం?" అని అడిగాడు. "రాదు అన్నా, నువ్వు రోజూ ఎన్ని ఇళ్ళు తిరిగావో వస్తుంది," అంది. "అయితే బంద్ పెట్టు తల్లీ, నాకు తక్లీఫ్ అయితది," అన్నాడు వాడు. హాలంతా నవ్వారు.

ఆ పిల్లే ఒకనాడు నా దగ్గరికి వచ్చి అడిగింది. అల్లుడుసారు పక్కనే ఉన్నారు, చెల్లె కౌంటర్లో ఉంది.

"అంకుల్, ఒక డౌట్. వాపసు వచ్చినవాటిలో దాదాపు అన్నీ 'కోలుకున్నారు'లోనే ఉన్నాయి. 'మరణించారు'లో ఒక్కటి కూడా లేదు. ఇంతమంది నిజంగా కోలుకుంటారా?"

చెల్లె నా వైపు చూసింది. నేను చేతిలోని టీ గ్లాసు వైపు చూశాను.

"మిషన్ వాపస్ వచ్చిందని దాని అర్థం బిడ్డా," అన్నాను.

"అంటే ఉత్త రిటర్న్ అనా?"

ఆమె ఇంకా ఏదో అడగబోయింది. అల్లుడుసారు నవ్వారు.

"కోలుకుంటేనే కదండీ మిషన్ తిరిగిస్తారు! అవసరం ఉంటే ఎవరిస్తారు చెప్పండి?"

మేం ఎవరం నవ్వలేదు. ఎవరం మాట్లాడలేదు కూడా. అనకుండా అలవాటైన మాట అడిగితే మాత్రం ఎట్లా వస్తుంది? ఆ పిల్ల మా ముఖాలు ఒకసారి చూసి, తన మూలకు వెళ్ళిపోయింది.

ఇక్కడ మాకు గానీ ఆ పిల్లకు గానీ తెలియని సంగతి ఒకటుంది. అల్లుడుసారు, సీఆర్ఎం అమ్మిన కంపెనీ వాళ్ళతో విడిగా మాట్లాడి, ఒక ఏర్పాటు చేయించారు. ఎవరి పేరు పక్కనైనా 'కోలుకున్నారు' అని పడగానే, ఆ ఇంటి ఫోనుకు దానంతటదే శుభాకాంక్షలు వెళ్ళాలి. ప్రారంభం రోజున అందరికీ చెప్పి సంతోషపెడదామనుకున్నారట.

ఆ గురువారం టీవీకి కుంకుమ బొట్టు పెట్టారు. కింద కొబ్బరికాయ కొట్టారు. లెక్కలు చూసే పంతులుగారు శుక్లాంబరధరం చదివారు. కోవా బిళ్ళలు పంచారు. ఆ పిల్ల పాత రికార్డులన్నిటినీ కొత్త పద్ధతిలోకి మార్చే మీట నొక్కింది. పచ్చ కడ్డీ లేచింది. దాని కింద 'కోలుకున్నారు' అని ఉంది. పక్కన 'మరణించారు' అన్న చోట ఏమీ లేదు, ఉత్త గోడలా ఖాళీ.

అల్లుడుసారు మాకేసి తిరిగారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. "చూశారా, మనం చేసే పనేవిటో ఇదిగో. ఇంతమందిని నిలబెట్టాం మనం. మా మావయ్యగారు ఉంటే ఎంత సంతోషించేవారో," అన్నారు.

అప్పుడు మోగింది ఫోన్.

చెల్లె నవ్వు ముఖంతోనే ఎత్తింది. నవ్వు అట్లాగే ఆగిపోయింది. "లేదమ్మా... తెలుసమ్మా. మాకు తెలుసు, ఆయన లేరు," అంటోంది. చేత్తో ఫోన్ మూసి నాతో అంది: "అన్నా, మన తాన్నించి ఏదో మెసేజ్ పోయిందట."

నేను రెండోది ఎత్తాను. మగ గొంతు. "ఏందయ్యా, మీకు సిగ్గు శరం ఉన్నదా? మా బాపు పోయి మూడు నెలలాయె. కోలుకున్నందుకు శుభాకాంక్షలా? మా అమ్మ ఫోన్ వట్టుకొని కూలవడ్డది."

వాళ్ళ బాపు మిషన్ పెట్టింది నేనే. ఆయన తెలివైన మనిషి. గొట్టం తగిలిస్తుంటే, "ఇగ నేను ఏనుగునే," అని నవ్వాడు.

ఆ పిల్ల అల్లుడుసారు వైపు తిరిగింది. "సార్, దీనికి మెసేజ్‌లు పంపే ఏర్పాటు ఏదైనా పెట్టారా?"

"పెట్టానండి. కొత్తగా కోలుకున్నవాళ్ళకి మాత్రమే."

ఆ పిల్ల కంప్యూటర్ ముందుకు ఉరికింది. తరువాత నాకు అర్థమయ్యేట్టు చెప్పింది. పాత రికార్డులన్నిటిలో ఆ మాట కొత్తగా పడింది కాబట్టి, వాళ్ళందరూ ఈరోజే కోలుకున్నారని కంప్యూటర్ అనుకుందట. అందరికీ పంపేసిందట. ఆమె దాన్ని ఆపింది. ఆపేసరికి పోవలసినవన్నీ పోయాయి.

ఫోన్లు రెండే ఉన్నాయి, మోగించేవాళ్ళు చాలామంది ఉన్నారు. అల్లుడుసారు నా చేతిలోది తీసుకున్నారు. "టెక్నికల్ ప్రాబ్లం అండీ, చిన్న పొరపాటు," అన్నారు. అవతలి నుంచి అరుపు నాకు కూడా వినిపించింది. ఇంకోటి ఎత్తారు, మళ్ళీ అదే అన్నారు, మళ్ళీ అదే అరుపు. చెల్లె తన ఫోన్ పక్కకు పట్టుకుని మెల్లగా అంది:

"సార్, గట్లనకుండ్రి. వాళ్ళకు ప్రాబ్లం ఏందో వద్దు. తప్పయిందనుండ్రి, సాలు."

ఆయన మూడో కాల్ ఎత్తి, "తప్పయిందండీ," అన్నారు. ఆ తరువాత చాలాసేపు విన్నారు. పెట్టేశాక ఆయన ముఖం చూస్తే, మనిషి లోపల ఏదో విరిగినట్టుంది. విరిగినవాడు పక్కవాడిని కొడతాడు. అది లోకరీతి.

"ఈ ఎంట్రీలన్నీ ఎవరు చేశారు?"

ఆ పిల్ల తల ఎత్తలేదు. "అన్నీ ఒక్క లాగిన్ నుంచే ఉన్నాయి సార్."

ఎవరూ కౌంటర్ వైపు చూడకూడదనుకున్నాం. అందరం అటే చూశాం.

"నావే సార్," అంది చెల్లె.

"చచ్చిపోయినవాళ్ళని కోలుకున్నారని కొడతారా? ఇన్నేళ్ళూ? రేపట్నించి మీరు రానక్కర్లేదు."

చచ్చిపోయారన్న మాట ఆ హాల్లో అంత గట్టిగా వినిపించడం అదే మొదటిసారి. కోవా బిళ్ళల పళ్ళెం ఇంకా టేబుల్ మీదే ఉంది.

చెల్లె ఇల్లు ఆమె జీతం మీద నడిచేది. వేరే చోట ఆ వయసు మనిషిని కౌంటర్లో ఎవరూ కూర్చోబెట్టుకోరు. చిన్నపిల్లలు కావాలంటారు. అబద్ధపు లెక్కలు రాసిందని మాట పడితే ఇక ఏ గుమ్మమూ ఎక్కనివ్వరు. ఆమెకు పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు, పేరు కూడా. ఇది అక్కడున్న అందరికీ తెలుసు, అల్లుడుసారుకు తప్ప.

"టిక్కులు పెట్టింది మేము సార్," అన్నాను నేను. "కార్డు మీద ఏదుంటే అదే కొట్టింది ఆమె. పంపేది ఉంటే మా అందరిని పంపుండ్రి."

"మీరెలాగూ రిటైరయ్యే మనిషి. మీకేం పోతుంది పెద్దాయనా?"

నిజమే. నాకు పోయేది ఏమీ లేదు. నా ధైర్యం ఖరీదు అంతేనని అప్పుడే తెలిసింది. మిగతా మెకానిక్‌లు నేల చూస్తున్నారు. వాళ్ళను నేను తప్పు పట్టను, వాళ్ళ పిల్లలు ఇంకా బళ్ళో ఉన్నారు.

"నేను అడిగాను సార్," అంది ఆ పిల్ల. "అందరూ ఊరుకుంటే నేనూ ఊరుకున్నాను. ఇంకోసారి అడగాల్సింది."

ఆయన వినిపించుకోలేదు. చెల్లె మాత్రం మోగుతున్న ఫోన్ మీద చెయ్యి వేసి అంది: "ఇవి ఆగేదాంక ఉంట సార్. ఆగినంక పోత."

ఎత్తింది. "తప్పయిందమ్మా," అంది.

తరువాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను. కథను దాచిపెట్టి ఊరించడం నాకు చేతకాదు. చెల్లె ఉద్యోగం పోలేదు. అల్లుడుసారు తన మాట వెనక్కి తీసుకుంటున్నానని ఎన్నడూ అనలేదు. కానీ మర్నాడు చెల్లె తన టిఫిన్ డబ్బా తీసుకుపోవడానికి వచ్చేసరికి, ఆయన కౌంటర్లో పక్క కుర్చీ వేసుకుని ఫోన్ ఎత్తుతున్నారు. ఆమె కుర్చీ ఆమెకు ఖాళీగా ఉంచారు. అప్పటి నుంచి రోజూ కాసేపు అక్కడ కూర్చోవడం ఆయనకు అలవాటైంది. తరువాత ఇంటింటికీ తిరిగాం, ఆయనా నేనూ చెల్లే. బొల్లారంలో ఒకావిడ తలుపు తీయలేదు, లోపలి నుంచే వింది. ఒక ఇంట్లో కుర్చీలు వేసి కూర్చోబెట్టి, పోయినాయన గురించి పొద్దుపోయేదాకా చెప్పారు. కార్డు మీద ఆ నాలుగు గడులూ తీసేయించాం. ఇప్పుడు మిషన్ అందిందని మాత్రమే సంతకం. ఎందుకు వచ్చిందో తెచ్చినవాడు ఆఫీసుకు వచ్చి చెబుతాడు, నోటితో. చెల్లె ఉన్నదున్నట్టు ఎక్కిస్తుంది. టీవీ మీద బొమ్మ ఇప్పుడంత అందంగా ఉండదు. అల్లుడుసారు దాన్ని తీయనివ్వలేదు.

పిల్లలూ, మీకు ఒక్క మాట. ఒక వరసలో అన్నీ ఒకేలా ఉన్నాయంటే, అవి రాసినవాళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చోండి. వాళ్ళు గ్లాసు వైపు చూస్తే, లేవకండి. ఇంకో టీ తెప్పించండి.

సరే. ఆ గురువారం దగ్గరికి మళ్ళీ వస్తాను.

మధ్యాహ్నం అవుతుండగా మెట్లు ఎక్కి ఒక పెద్దాయన వచ్చాడు. మెట్టుగూడ మనిషి, రైల్వేలో చేసి పెన్షన్ తీసుకుంటున్నాడు. ఆటో దిగి, రెయిలింగ్ పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ వచ్చాడు. ఆయన భార్య రెండేళ్ళు మా మిషన్ మీదే ఉంది. వాపసు తేవడానికి వెళ్ళింది నేనే. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. అరవనూ లేదు. చేతిలో ఫోన్ మా అందరికీ కనబడేట్టు పట్టుకున్నాడు.

"నా భార్య కోలుకున్నదట గద," అన్నాడు. "ఏడున్నదో జెర చెప్పుండ్రి. తోల్కపోత."

ఫోన్ మోగుతున్నా చెల్లె ఎత్తలేదు.

అల్లుడుసారు చేతులు జోడించారు. "తప్పయిందండీ. మా స్టాఫ్‌లో ఒకావిడ తప్పు ఎంట్రీ చేసింది. ఆమెని తీసేస్తున్నాం."

"ఎవరామె?"

చెల్లె లేచి నిలబడింది. "నేనే సార్."

పెద్దాయన ఆమెను తేరిపార చూశాడు. "కరెంటు పోయినప్పుడల్లా నేను ఫోన్ చేస్తే, పరేషాన్ గాకుండ్రి సార్, సిలిండర్ వస్తున్నది అనేది నువ్వేనా?"

"నేనే సార్."

"గొంతు గుర్తువట్టిన." ఫోన్ ఆమె వైపు తిప్పాడు. "మరి గిట్లెందుకు రాసినవమ్మా?"

ఆమె నా వైపు చూసింది. నేను చెప్పాను.

"మిషన్ తీస్కపోను వచ్చింది నేను సార్. మీరు గోడ దిక్కు తిరిగి కూసున్నరు. ఆమె మంచం పక్కన దీపం ఉన్నది. ఆ మాట మీద మీతోని సంతకం పెట్టించెతందుకు నాకు చెయ్యి రాలే. పై గడిల టిక్కు పెట్టిన. మా తాన అందరం గట్లనే పెడ్తం. ఆమె అదే కంప్యూటర్ల కొట్టింది."

పెద్దాయన అప్పుడు కూర్చున్నాడు. ఫోన్ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఆ పొద్దు మీరు అడగలే. మంచిగనే జేసిన్రు. అడిగుంటే నిన్ను కొట్టేటోన్నేమో," అన్నాడు నాతో. "గని నాయనా, ఆమె పోయిందని ఇంట్ల అందరం ఒప్పుకున్నం. బ్యాంకోళ్ళు ఒప్పుకున్నరు. రేషన్ కార్డుల పేరు కొట్టేసిన్రు. ఒక్క మీ తాన్నే ఆమె కోలుకోని తిరుగుతున్నది. గిది మంచిగ లేదు. దిద్దుండ్రి. నేనుండంగనే దిద్దుండ్రి."

"నేను మారుస్తానండి," అని అల్లుడుసారు కంప్యూటర్ వైపు వెళ్ళబోయారు.

"మీరొద్దు. ఆమెనే దిద్దాలె." పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఈమెను తీసేస్తే మిగిలినోళ్ళయి ఎవరు దిద్దుతరు సార్? ఏ ఇంట్ల ఎవరు పోయిన్రో మీకెరికేనా?"

అల్లుడుసారు తల అడ్డంగా ఊపారు. "తెలీదండి," అన్నారు. అబద్ధం ఆడలేదు, అది ఆయన మంచితనం. పక్కకు జరిగి, చెల్లె కుర్చీని ఆయనే ముందుకు లాగారు.

ఆ పిల్ల వచ్చి పెద్దాయన భార్య రికార్డు తెరిచింది. మెసేజ్‌లు ఇక పోవని మళ్ళీ మళ్ళీ చూసుకుంది. చెల్లె కూర్చుంది. ఆమె చెయ్యి మౌస్ మీద ఉంది గానీ కదలడం లేదు.

"కొట్టమ్మా," అన్నాడు పెద్దాయన. "నేను ఒప్పుకున్న గద. కొట్టు."

"ఏ దినం సార్?" అంది చెల్లె.

ఆయన చెప్పాడు. ఆమె కొట్టింది. మార్చాలా అని కంప్యూటర్ ఇంకోసారి అడిగింది. చెల్లె ఆయన వైపు చూసింది. ఆయన తల ఊపాడు.

టీవీ ఆపాలని అప్పటిదాకా మాకెవరికీ తోచలేదు. పచ్చ కడ్డీ అట్లాగే ఉంది, తగ్గిందో లేదో కంటికి తెలియలేదు. కానీ పక్కన, పొద్దుటి నుంచి ఖాళీగా ఉన్న చోట, అడుగున ఒక బూడిదరంగు గీత పుట్టింది. వెంట్రుకంత.

పెద్దాయన కళ్ళద్దాలు సవరించుకున్నాడు. "అదేనా?"

"అదే తాతయ్యా," అంది ఆ పిల్ల.

"గింత సన్నగనా?"

ఆయన ఆ గీతను చూస్తూ ఉండిపోయాడు. చాలాసేపటికి, "సరే. ఉన్నది గద," అన్నాడు.

ఆ వేళ ఆ హాల్లో ఉన్నవాళ్ళు: కౌంటర్లో మా చెల్లె. ఆమె కుర్చీ వీపు పట్టుకుని అల్లుడుసారు. కంప్యూటర్ పక్కన ఆ పిల్ల. గోడ వారన ఇద్దరు మెకానిక్‌లు, వ్యాన్ డ్రైవరు, పంతులుగారు. గుమ్మం దగ్గర నేను. కుర్చీలో మెట్టుగూడ పెద్దాయన. టీవీ మీద, అడుగున, ఆయన భార్య.